స్వచ్ఛమైన భాషవాళ్ళ విందు

క్వాన్ వాయ్‌లాన్ ఎదుట నోరు తెరవాలంటే ఆవిడ ఉండే భవనంలో అందరికీ హడలే. రేడియోలో ముప్ఫై ఏళ్ళు వార్తలు చదివి రిటైరైన మనిషి. ఇప్పుడు తమ ఊరి భాష కాంటనీస్ ఎలా పలకాలో ఫోనులో వీడియోలు తీసి లోకం మీదికి వదులుతోంది. "నువ్వు" అనడానికి "నేయ్" అనాలట, కుర్రకారు "లేయ్" అంటోందట. "నేను" అనడానికి ముక్కులోంచి "ఙో" అనాల్సింది పోయి ఉత్త "ఓ" అని ఊరుకుంటున్నారట. ఇదంతా నాలుక బద్ధకమని ఆవిడ తీర్పు. లిఫ్టులో పక్కింటాయన పలకరిస్తే ముందు తప్పు దిద్ది, తరవాత కుశలం అడిగేది. పాపం ఆయన మెట్లు దిగడం అలవాటు చేసుకున్నాడు.

తల్లికి తొంభయ్యో ఏడు వచ్చిందని కౌలూన్‌లోని ఓ పాత టీ హోటల్లో వాయ్‌లాన్ విందు పెట్టింది. వాంకూవర్ నుంచి తమ్ముడు హొన్‌మింగ్ వచ్చాడు. గ్వాంగ్‌జౌ నుంచి మేనత్త కూతురు సుట్‌యింగ్ వచ్చింది. ముసలావిడ పట్టు చొక్కా తొడుక్కుని మధ్యలో కూర్చుంది. కొన్నేళ్ళుగా ఆవిడ నోట "ఊఁ", "సరే" తప్ప మూడో మాట రావడం లేదు. చెవుడని తేల్చి పిల్లలు ఖరీదైన మిషన్ కొనిచ్చారు. ఆవిడ దాన్ని సొరుగులో పెట్టేసింది.

"ఏం టీ కావాలి అందగత్తెలూ? లేయ్..." అన్నాడు వెయిటరు.

"నేయ్," అంది వాయ్‌లాన్.

"అదేం టీ అమ్మా? మా దగ్గర లేదు."

హొన్‌మింగ్ పగలబడి నవ్వాడు. "అక్కా, ఈ ఊళ్ళో భాష ఎప్పుడో చచ్చిపోయింది. అసలు మనుషులంతా వాంకూవర్ వచ్చేశాం. వస్తూ వస్తూ భాషని కూడా పెట్టెలో సర్దుకొచ్చాం."

"ఆహా! నీ కూతురు నాకు ఫోన్ చేసి 'హాయ్ ఆంటీ' తప్ప ఇంకో ముక్క అనదేంరా? పెట్టె తాళంచెవి పారేశావా?"

సుట్‌యింగ్ రొయ్యల కుడుము కొరుకుతూ మూతి విరిచింది. "మీరిద్దరూ దేనికి కొట్టుకుంటున్నారో గానీ, అసలైన కాంటనీస్ మా గ్వాంగ్‌జౌలో, సైక్వాన్ వీధుల్లోనే పుట్టింది. మీదంతా ఇంగ్లీషు కలిపిన పులుసు."

"మరి మీ మనవడు నిన్న ఫోన్లో నాతో బీజింగు భాష మాట్లాడాడేమే?" అంది వాయ్‌లాన్.

"వాళ్ళ బళ్ళో అదే గదా చెప్పేది! వదినా, మీ అబ్బాయి మాత్రం? బ్యాంకులో చేరాక మీతో మాట్లాడేది ఇంగ్లీషే గదా?"

వాయ్‌లాన్ కోడికాళ్ళ పళ్ళెం అటు జరిపింది. కాసేపు ముగ్గురూ ఎముకలు ఉమ్మే పనిలో పడ్డారు.

పుట్టినరోజుకని పీచ్ పండు ఆకారంలో చేసిన తీపి బన్నులు వచ్చాక, వాయ్‌లాన్ టీ కూజాకి ఫోను ఆనించి తల్లి వైపు తిప్పింది. "అమ్మా, మన భాష గురించి నాలుగు మాటలు చెప్పు. నీ తరంవాళ్ళది స్వచ్ఛమైన భాష. మా వీడియో చూసేవాళ్ళంతా వినాలి. తొందరేం లేదు. 'నేయ్' అను, 'లేయ్' అనకు."

ముసలావిడ ఫోను వైపు చూసింది. గొంతు సవరించుకుంది. నాలుక పక్కనుంచి గాలి వదులుతూ, గబగబా, గట్టిగా, ఏవేవో అంది. బల్ల దగ్గర ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"పక్షవాతం!" అంటూ హొన్‌మింగ్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, రెండు చేతులూ పైకెత్తు! నవ్వు! మూతి వంకర పోతోందేమో చూడండి!"

ముసలావిడ చేతులెత్తలేదు. చెప్పుకుపోతూనే ఉంది. ఇంతలో వెనక బల్ల దగ్గర ఒంటరిగా జావ తాగుతున్న ఓ ముసలామె చెంచా కింద పెట్టి, ఇటు తిరిగి, అదే యాసలో ఏదో అరిచింది. ఇద్దరూ కిచకిచా నవ్వారు. ఆ ముసలామె తన గిన్నె పట్టుకుని వచ్చి, హొన్‌మింగ్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

"ఎవరండీ మీరు?" అంది వాయ్‌లాన్.

"నన్ను మూయ్ అంటారు. మాది తొయ్‌సాన్ వైపు పల్లె. మీ అమ్మా వాళ్ళదీ, మాదీ ఒక్క వాగే, అటు ఒడ్డు వాళ్ళది, ఇటు ఒడ్డు మాది. ఎన్నేళ్ళయిందే ఈ మాట విని!"

"అమ్మ ఏమంటోంది?"

"భోజనం చేశావా అని అడిగింది. ఆ ముందు చెప్పింది మాత్రం నేను చెప్పను. మీ గురించి."

"అమ్మా, నీకు వినిపిస్తుందా?" అన్నాడు హొన్‌మింగ్.

అప్పుడు తల్లి పిల్లల భాషలోకి దిగింది. మాట మాటకీ తడుముకుంటూ చెప్పింది.

"ఎందుకు వినిపించదు? పెళ్ళై వచ్చాక మీ నాన్నమ్మ నా మాటకి నవ్వేది. ఆ పల్లెటూరి కూతలు ఇంట్లో కూస్తే ఊరుకోనంది. సరే, మీ భాష నేర్చుకున్నా. అప్పుడు నా యాస విని నువ్వు నవ్వావు, వాయ్‌లాన్. నీ స్నేహితురాళ్ళ ముందు మాట్లాడొద్దమ్మా, బడికి రావొద్దమ్మా అన్నావు. పెద్దయ్యాక దిద్దడం మొదలెట్టావు. ఉప్పు అందుకోమంటే ఉప్పు ఇవ్వవు, ఉప్పు అనడం నేర్పుతావు. ఎందుకొచ్చిన గొడవని మానేశా."

సుట్‌యింగ్ టీ పోసి, ముసలావిడ గిన్నె ముందుకు జరిపింది. వాయ్‌లాన్ చెవులు ఎర్రబడ్డాయి. తల్లి చివరి మాట పలకడంలో ఎత్తాల్సిన స్వరం దిగిపోయింది. అది దిద్దాలని నాలుక ఎంత దురదపెట్టిందో ఆ భగవంతుడికే తెలియాలి. బన్ను ముక్క నోట్లో కుక్కుకుని ఆపుకుంది.

పశ్చాత్తాపం వచ్చిందనుకునేరు. వచ్చింది, రెండ్రోజులు ఉంది కూడా. మూడోనాడు ఆ వీడియోలో తల్లి గొంతు తీసేసి, ముసలివాళ్ళలా వణికించిన తన గొంతు అతికించి, "తొంభై ఏళ్ళ స్వచ్ఛత" అని పేరు పెట్టి వదిలింది. జనం ఎగబడ్డారు. "ఆ తల్లి ఉచ్చారణ చూడండి, కూతురు ఊరికే అంతదైందా!" అని టొరంటో నుంచి ఒకాయన రాశాడు. పెదవులకీ మాటకీ పొంతన లేదని గమనించినవాడు ఒక్కడూ లేడు.

ముసలావిడకి అదేం పట్టలేదు. రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని హోటలుకి పోతోంది, మధ్యాహ్నం దాకా రాదు. చూద్దామని ఓ రోజు వాయ్‌లాన్ వెనకాలే వెళ్ళింది. తల్లీ, మూయ్ ముసలామే ఒకరి మాట మీద ఒకరు పడి, బల్ల గుద్ది మరీ పోట్లాడుకుంటున్నారు. వాయ్‌లాన్ వచ్చి కూర్చున్నా ఆగలేదు. మూయ్ ఆవిడ వైపు ఓసారి చూసి ఏదో అంది. తల్లి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఏమంటున్నారు?" అంది వాయ్‌లాన్.

"ఏం లేదులే," అంది తల్లి. "టీ తాగు."