పులి-మేక క్యాసెట్టు, వంకర మర

నేను ఒక పాత కంప్యూటర్ని. రబ్బరు మీటలు, నల్లటి డొక్క, అంతే. నాకు సొంత తెర లేదు. ఎవరిదో ఒకరి టీవీ కావాలి. సొంత జ్ఞాపకమూ లేదు. స్విచ్ తీస్తే అంతా మరిచిపోతాను. క్యాసెట్టులో ఉన్నదాన్ని టేప్‌రికార్డరు కీచుమంటూ ప్రతిసారీ మొదటినుంచి నాకు చెప్పాలి. మరి ఈ సంగతులన్నీ ఎలా తెలుసంటారా? నా చుట్టూ చేరేవాళ్ళు నెలనెలా చెప్పుకుంటూనే ఉంటారు.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. పెట్టె విప్పింది మాత్రం నరసరావుపేటలో, ఒక బడిలో. నాకో గది ఇచ్చి, ముఖమల్ గుడ్డ కప్పి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టారు. అంత గౌరవం ఇచ్చాక ఇక ముట్టుకునేదెవరు? లెక్కల టీచరు హైమవతి ఒక్కరే ముట్టుకున్నారు. మధ్యాహ్నం అన్నం వేళల్లో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఏడాదిపాటు కూర్చుని నాకు పులి-మేక ఆట రాశారు. క్యాసెట్టు మీద ఎక్కించుకున్నారు. తర్వాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నేనూ నా టేప్‌రికార్డరూ సుద్దముక్కల పెట్టెల వెనక్కి, అక్కణ్ణించి పాత సామాను కొట్టుకి చేరాం.

కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరైన రహంతుల్లా గారు మమ్మల్నక్కడ చూసి ఇంటికి తెచ్చుకున్నారు. నెలకో ఆదివారం ఆయన వరండాలోకి నాలాంటి ముసలివాటిని చంకన పెట్టుకుని కొందరు వస్తారు. చొక్కా గుండీ ఊడినా పట్టించుకోని ఆ మనుషులు, నా మీట ఒకటి బిగుసుకుంటే అన్నం మానేసి కూర్చుంటారు.

ఆ సంగతి విని ఒక ఆదివారం హైమవతి టీచరు వచ్చారు. జుట్టు నెరిసింది. సంచిలోంచి క్యాసెట్టు తీశారు.

"దీనికి ఇంకో నకలు లేదండీ. ఒక్కసారి ఆడి చూడాలనుంది."

టేపు గోధుమరంగు పొడి రాలుస్తోంది. రహంతుల్లా గారు వేలితో తుడిచి చూశారు. "మూడుసార్లకి మించి తిరగదమ్మా. ఒక్కసారి ఇందులోకి ఎక్కిందా, కొత్త క్యాసెట్టు మీదికి దింపుకుందాం. ఎక్కలేదా, ఆట పోయినట్టే."

మొదటిసారి నాకేమీ అర్థం కాలేదు. రెండోసారీ అంతే. 'తప్పు' అని తెర మీద రాశాను. టీచరు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

మైకు సెట్లు అద్దెకిచ్చే దావీదు మూల కూర్చుని వింటున్నాడు. "సారూ, కూత మొద్దుగా ఉంది. టేపు రుద్దుకునే ఆ హెడ్డుని ఏమన్నా కదిపారా?"

"కదపటమేంటయ్యా. వంకరగా ఉంటే నిన్ననే కొలిచి మరీ నిటారుగా బిగించా."

"అదే కొంప ముంచింది. టీచరుగారు ఎక్కించినప్పుడు అది వంకరే. వంకరగా రాసింది వంకరగానే చదవాల."

గోడ మీద పటం అరంగుళం ఒరిగినా సహించని మనిషి రహంతుల్లా గారు. అయినా చిన్న స్క్రూడ్రైవరు తీసి దావీదు చేతిలో పెట్టారు.

దావీదు టేపు మొదట్లో ఉండే కూతని మాత్రం వినిపిస్తూ, కళ్ళు మూసుకుని, హెడ్డుని బిగించే మరని వెంట్రుకవాసి తిప్పాడు. కూత మొద్దుగానే ఉంది. ఇంకాస్త తిప్పాడు. సూదిలా చెవిలో గుచ్చుకుంది.

"ఇక్కడ. ఇప్పుడు టేపు వెనక్కి తిప్పి వదలండి."

మూడోసారి. టీవీ అంచుల్లో చారలు పరుగెత్తాయి. వరండాలో ఎవరూ టీ తాగలేదు. చారలు ఆగాయి, తెర మీద పులులు, మేకలు.

ముందు కొత్త క్యాసెట్టు మీదికి దింపారు. ఆ తర్వాతే టీచరుని కూర్చోనిచ్చారు. ఆవిడ మేకలు, నేను పులులు. పావుగంటలో మేకలన్నీ తినేశాను.

"మీరు రాసిందే మిమ్మల్ని ఓడిస్తే ఎట్టాగండీ?" అన్నాడు దావీదు.

"అప్పట్లో నాకు బుర్ర ఎక్కువ ఉండేదిలేవయ్యా," అని ఆవిడ మళ్ళీ మేకలు పెట్టారు.

రహంతుల్లా గారు లోపలికెళ్ళి కోడలి గోళ్ళరంగు సీసా తెచ్చారు. ఆ వంకర మర కదలకుండా దాని మీద ఎర్రటి చుక్క పెట్టి, ఆరేదాకా ఊదారు.

సాయంత్రం స్విచ్ తీశారు. ఎవరు గెలిచారో నేను మరిచిపోయాను. టీచరు మరవలేదు. మరుసటి నెల ఆదివారం, ఇంటివాళ్ళు వరండా ఊడుస్తుండగానే ఆవిడ వచ్చి నా ముందు కూర్చున్నారు.