రెండు రంగుల తోకలు

మేనత్త ఇంట్లో ఎలుకల్లేవు. కనీసం మేనత్త అలాగే చెప్పుకునేది. అడవి జంతువుల లెక్కింపు నేర్చుకుంటూ ఆవిడ దగ్గర ఉంటున్న మేనకోడలు ఇంటినిండా బోనులు పెట్టేదాకా ఆ మాటకు ఎదురులేదు.

శిక్షణలో మేడమ్ పెట్టిన పరీక్ష అది. ముందు కొన్నింటిని పట్టి, గుర్తుపెట్టి, పట్టినచోటే వదలాలి. కొన్నాళ్లాగి మళ్లీ పట్టాలి. ఈసారి పడ్డవాటిలో గుర్తున్నవెన్నో, లేనివెన్నో చూస్తే మొత్తం ఎన్నున్నాయో తేలుతుంది. లెక్క కుదిరితే అడవికెళ్లే జట్టులో చోటు. కుదరకపోతే మళ్లీ నాన్న టైర్ల షాపులో గల్లాపెట్టె ముందు కుర్చీ. ఆ కుర్చీని తలచుకుంటేనే పిల్లకి ప్రాణం ఉసూరుమనేది.

మొదటి విడతలో పది చుంచులు పడ్డాయి. తోకలకు ఎర్ర గోళ్లరంగు పూసి, ఎక్కడివక్కడ వదిలేసింది. అత్త వంటింట్లో స్టూలెక్కి నిలబడింది.

"చిక్కినదాన్ని మళ్లీ ఇంట్లోనే వదులుతారుటే ఎవరైనా?"

"అవి మళ్లీ పడాలత్తా. గుర్తున్నవి పడకపోతే నా పని అయిపోయినట్టే."

ఆ ఒక్క ముక్క అత్త మనసులో నాటుకుపోయింది.

రెండో విడత పొద్దున్నే మేనకోడలు బోనులన్నీ చూసింది. పడ్డవి పన్నెండు. పన్నెండింటి తోకలకూ రంగుంది. తను పూసిందేమో పదింటికే. కళ్లు నులుముకుని దగ్గరికెళ్లి చూస్తే, మూడే ఎర్రవి. తొమ్మిది గులాబీవి, ఇంకా తడి ఆరలేదు.

"అత్తా, నీ బొటనవేలికి ఆ రంగేంటి?"

అత్త వేలు కొంగులో దాచుకుంది. "గుర్తున్నవి పడకపోతే నీ పని అయిపోయిందన్నావుగా. తొమ్మిదింటికి లేదు. తోకలెలాగూ చువ్వల్లోంచి బయటికే ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని పూసేశాను."

బల్లిని చూస్తే పక్కింటికి పరిగెత్తే మనిషి చేసిన పని ఇది. పరీక్ష గంగలో కలిసిందని మేనకోడలికి ఒళ్లు మండింది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అరవబోయి ఆగింది. ఆ గులాబీవన్నీ గుర్తులేనివే కదా. అత్త చెడగొట్టిందేమీ లేదు, పైగా కొత్తవాటిని వేరుచేసి పెట్టింది.

మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ ఫొటోల్లో తోకలన్నీ చూసి, నవ్వాపుకుంటూనే లెక్క సరిచూసింది: పడ్డవాటిలో నాలుగోవంతు ఎర్రవి, అంటే మొదట రంగు పూసిన పదీ మొత్తంలో నాలుగోవంతు.

"చోటొచ్చిందత్తా," అంది ఇంటికొచ్చి.

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంతకీ ఎన్ని తేలాయే?"

"నలభై."

"అడవిలోనా?"

"మనింట్లో."

అత్త మళ్లీ స్టూలెక్కింది. అక్కణ్నుంచే చెయ్యి చాచి, గూట్లోని గులాబీరంగు సీసా తీసి మేనకోడలికి అందించింది.

"ఇది కూడా పట్టుకెళ్లు. అక్కడ పూయడానికి నేనుండనుగా."