డాబా మీద మంచు

పొద్దున ఐదింటికి లేవడం, చన్నీళ్ళతో మొహం కడుక్కుని ప్రార్థన చేసుకోవడం, ఏడింటికల్లా బైబిళ్ళ సంచి భుజాన వేసుకుని మీర్‌పేట్ బస్సెక్కడం. చైతన్యపురికి వచ్చిన తొమ్మిది నెలల్లో జున్‌హో ఈ వరస తప్పలేదు. కొరియాలో ఓ కొండ ఊరి పాస్టరు కొడుకతను. ఇరవై నాలుగేళ్ళు. యాదలక్ష్మి ఇంటి డాబా మీది ఒంటిగదిలో కిరాయికుండేవాడు. మీర్‌పేట్‌లో ఏ తలుపు తట్టినా మంచినీళ్ళిచ్చేవారు, కొందరు టీ కూడా పోసేవారు. ఆదివారం ప్రార్థనకు మాత్రం ఎవరూ రారు.

డిసెంబరు మొదట్లో తండ్రి పోయాడని ఫోనొచ్చింది. టికెట్ దొరికింది గానీ ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పెట్టె మోసుకుంటూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచాడు. అక్కడ టైర్లు కాలుతున్నాయి.

"శంషాబాదా? ఇయ్యాల చీమ గూడ పోదన్నా" అన్నారు రోడ్డుకు అడ్డంగా కూర్చున్న కుర్రాళ్ళు.

చేతులు పట్టుకుని బతిమాలాడు. వాళ్ళలో యాదలక్ష్మి కొడుకు శ్రీనివాస్ కూడా ఉన్నాడు. జున్‌హో అతని వైపు చూశాడు. శ్రీనివాస్ తల తిప్పుకున్నాడు.

విమానం వెళ్ళిపోయింది. అక్కడ మంచులో గొయ్యి తవ్వి తండ్రిని పూడ్చేశారు. ఆ సాయంత్రమే జున్‌హో గదిలో మంచు కురవడం మొదలైంది.

"మంచు పడేదుంటే ముందుగాల చెప్పాలె గద తమ్మి, స్లాబు ఖరాబైతది" అని యాదలక్ష్మి రెండు బకెట్లు తెచ్చిపెట్టింది. కింది వాటాలో ఉండే ఏలూరు ఆవిడ వేదవతి మెట్ల దగ్గర నిలబడి, "ఏమనుకోకండి జూన్ గారూ, మీ చలికి మా ఇంట్లో పెరుగు తోడుకోవట్లేదు" అంది. గొంగళి ఒకటి ఇచ్చి వెళ్ళింది.

అతను సంచి ముట్టుకోవడం మానేశాడు. మోకాళ్ళ మీద కూర్చుంటే మాట వచ్చేది కాదు. పొద్దంతా మంచం మీద వెల్లకిలా పడుకుని, మంచు తనను కప్పేస్తే బాగుండునని చూసేవాడు. యాదలక్ష్మి అన్నం తెచ్చి, గొంగళి మీది మంచు చేత్తో దులిపి, "లే బిడ్డా, రెండు ముద్దలు తిను" అనేది. ఆమె చూస్తుంటే తినేవాడు.

ఇస్తామన్న తెలంగాణ నెల తిరక్కముందే వెనక్కి పోయింది. ఆ వారంలోనే శ్రీనివాస్‌తో చదివిన నల్గొండ పిల్లవాడు ఒంటికి నిప్పంటించుకుని దవాఖానలో పోయాడు. అప్పట్నుంచి శ్రీనివాస్ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం యాదలక్ష్మి రేషన్ షాపుకు పోయింది. డాబా మీద డబ్బా దొర్లిన చప్పుడైంది. కిరోసిన్ వాసన. జున్‌హో తలుపు తీశాడు. అన్నాళ్ళూ గది దాటని మంచు డాబా అంతా కురుస్తోంది. మధ్యలో శ్రీనివాస్ నిలువునా తడిసి నిలబడ్డాడు. చేతిలో అగ్గిపెట్టె. కాళ్ళ దగ్గర విరిగిన పుల్లలు.

"అంటుకుంటలేదన్నా" అన్నాడు, ఎవరిమీదో చాడీ చెబుతున్నట్టు.

జున్‌హో నేర్చుకున్న తెలుగంతా రక్షణ గురించీ, పరలోకం గురించీ. అందులో ఒక్క మాటా నోటికి రాలేదు. దగ్గరికి వెళ్ళి అగ్గిపెట్టె పట్టుకున్నాడు. శ్రీనివాస్ వదల్లేదు.

"ఆ పొద్దు నిన్ను ఆపింది నేనే గదన్నా. నువ్వు నన్ను ఆపకు."

"కోపం ఉంది. నీ మీద నాకు చాలా కోపం ఉంది" అన్నాడు జున్‌హో. "లోపలికి రా. చలి."

శ్రీనివాస్ వేళ్ళు కొంకర్లు పోయి వాటంతటవే విడిపోయాయి. అగ్గిపెట్టె మంచులో పడింది. ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. జున్‌హో అతన్ని రెండు చేతులా పట్టుకుని, తండ్రి పోయినాక మొదటిసారి బిగ్గరగా ఏడ్చాడు.

యాదలక్ష్మి పైకి వచ్చేసరికి ఇద్దరి తలలూ తెల్లగా ఉన్నాయి. ఆమె డబ్బాను చూసింది, పుల్లల్ని చూసింది. కొడుకు అంగీ విప్పేసి, కొంగుతో తల, మెడ, చెవుల వెనకాల తుడిచింది.

"నువ్వు గుడ రా తమ్మి" అని జున్‌హోను లాక్కుని అతని తలా తుడిచింది.

మర్నాడు పొద్దున పేపరు పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"గీండ్ల సచ్చిపోయిన పోరగాండ్ల పేర్లున్నయట. సదువు. ఒక్కటి గుడ ఇడువకు."

జున్‌హో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఒక్కో పేరుకు ఆమె "ఏ ఊరు?" అని అడిగింది. ఊరు చెబితే "అయ్యో కొడుకా" అంది. చాలాసేపు పట్టింది.

"ఇంకున్నదా?"

"లేదమ్మా."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. జున్‌హో మంచం మీద, వేదవతి గొంగళి కప్పుకుని శ్రీనివాస్ నిద్రపోతున్నాడు. మంచు పల్చగా పడుతోంది.

"మల్లొక్కసారి సూడు తమ్మి" అంది.

అతను మొదటి పేరు నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.