కొట్టేసిన మూడేళ్లు

మావారితో కాపురం పెద్ద కష్టమేమీ కాదు, ఆయన చెప్పిందే రైటని పొద్దున్నే ఒప్పేసుకుంటే. నాకా అలవాటు లేకపోవడంతో పద్దెనిమిదేళ్లుగా అవస్థపడుతున్నాను.

ఆయన ఆర్థిక శాఖలో అంచనాల విభాగానికి పెద్ద. ఏ ఏడాది దేశం కొత్తగా ఎంత అప్పు చేసిందో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, వాటి వెంట ఓ వంపుగీత సాగదీసి, రాబోయే పదేళ్లలో ఏమవుతుందో చెప్పడం ఉద్యోగం. మూడు వారాలుగా ఆ భవిష్యత్తంతా మా భోజనాల బల్ల మీదే పరుచుకుంది. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. మా అత్తగారు గ్లాసు పెట్టబోతే, "అమ్మా, అక్కడ కాదు! అది రాబోయే ఐదో ఏడు!" అని కేక.

"ఐదో ఏటికి నేనుంటానో లేదోరా, దాహం ఇప్పుడేస్తోంది," అందావిడ.

నేనూ కాలేజీలో లెక్కలే చదివాను. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కరెంటు బిల్లు ఎక్కువొచ్చినప్పుడు గుర్తొస్తుంది.

గురువారం బల్ల తుడుస్తూ చూద్దును కదా, ముప్పై చుక్కల్లో మూడు ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి.

"ఇవేం పాపం చేశాయండీ?"

"అవి అసాధారణ సంవత్సరాలు. ఒకటి వరదలు, ఒకటి బ్యాంకులు మునిగిన ఏడు, ఒకటి మహమ్మారి. ఉంచితే గీత పాడవుతుంది. తీసేస్తే చూడు, ఎంత ముద్దుగా దిగుతోందో! ఎనిమిదేళ్లకల్లా కొత్త అప్పు సున్నా."

"అలాంటి ఏడు మళ్లీ రాదా? ఆ మూడేళ్ల అప్పు మాటేమిటి? చుక్క కొట్టేస్తే బాకీ తీరుతుందా?"

"అచ్చం ఆ కొత్తమ్మాయిలా మాట్లాడకు."

కొత్తమ్మాయి ఆయన విభాగంలో ఏడాది ఒప్పందం మీద చేరింది. ముప్పై చుక్కలూ ఉంచి గీత గీసింది. అది పైకే పోయింది. ఈయన అందరి ముందూ ఆ కాగితం విసిరేసి, "గీత గీయడం రాకపోతే గోడకి సున్నం వేసుకో," అన్నారట. తనే గొప్పగా చెప్పుకున్నారు. ఆ అమ్మాయిని కొనసాగించాలో వద్దో సోమవారానికల్లా రాసివ్వాలి. రాసిన కాగితం ఏడో ఏటి పక్కనే ఉంది: "విచక్షణ లేదు. కొనసాగించనక్కర్లేదు." సంతకం ఒక్కటే తక్కువ.

మూడు రోజులు చెప్పాను. మెత్తగా చెప్పాను, గట్టిగా చెప్పాను, గిన్నెల చప్పుడుతో కూడా చెప్పాను. ఆయనకి ఎక్కితేగా! "నీకర్థం కాదులే" అన్నది లెక్కపెడితే పదకొండుసార్లు.

ఆదివారం మధ్యాహ్నం, మర్నాటి మీటింగు కోసం మంచి ప్యాంటు వేసి చూసుకున్నారు. గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం.

"ఇస్త్రీలో కుదించుకుపోయింది."

పోయిన నెలే టైలరు దాన్ని వదులు చేశాడు. ఇక నాకు ఓపిక నశించింది. స్నానాలగది తలుపు వెనకున్న కాగితం పీక్కొచ్చి, సరిగ్గా ఆయన భవిష్యత్తు మీద పెట్టాను. డాక్టరు చెప్పాడని, వారం వారం బరువు ఎంత పెరిగిందో, తగ్గిందో ఏడాదిగా ఆయనే రాసుకుంటున్న పట్టిక అది. పదకొండు వారాలకి ఎర్ర పెన్సిలు గీతలు. పక్కన కారణాలు: చెల్లెలి పెళ్లి, ఆఫీసు విందు, వాన వల్ల నడక లేదు.

"ఇవేమిటండీ?"

"అవి... అసాధారణ వారాలు."

"మిగిలినవి కూడండి."

కూడారు. ఆ లెక్కన ఆరు కిలోలు తగ్గారు.

"ఇప్పుడు కొట్టేసినవి కూడండి."

పెన్సిలు ఆగి ఆగి నడిచింది. పది కిలోలు పెరిగారు.

"మీ కాగితం సన్నబడింది," అన్నాను. "ప్యాంటుకి మాత్రం అన్ని వారాలూ గుర్తున్నాయి."

ఆయన ఓ చేత్తో ప్యాంటు పట్టుకుని, ఈ కాగితాన్నీ కింది గ్రాఫునీ మార్చి మార్చి చూశారు. నాకేమో జాలికి బదులు ఇంకా ఒళ్లు మండుతోంది. మూడు రోజులు నోటితో చెప్పింది ఎక్కలేదు, ఓ గుండీ చెబితే ఎక్కింది.

చివరికి ఫోను తీశారు. ఒక చెయ్యి ఖాళీ లేదు కనుక స్పీకరు పెట్టి బల్లమీదుంచారు.

"సార్?" కొత్తమ్మాయి గొంతు బెదురుగా ఉంది.

"ఆ, అమ్మాయ్... మొన్నటి అంచనా విషయంలో... పునఃపరిశీలనలో కొన్ని లోపాలు దృష్టికి వచ్చాయి..."

"ఎవరి లోపాలురా?" అంది అత్తగారు, గ్లాసు తీసుకెళ్లి ఐదో ఏటి మీద పెడుతూ.

ఆయన నావైపు చూశారు. నేను సంతకం లేని ఆ కాగితాన్ని రెండుగా చింపి ఆయన ముందుంచాను.

"నావేనమ్మా," అన్నారు. "నీ గీతే కరెక్టు. ఆ మూడేళ్లు కొట్టేయడం నా తప్పు, అందరి ముందూ నిన్నలా అనడం కూడా. రేపు మీటింగులో ఇదే మాట వాళ్లందరి ముందూ చెప్తాను."