పడవలోంచి విన్న బ్యాండు

మా స్కూలు బ్యాండుతో విదేశం వెళ్లింది ఇరవైమందిమి. నేను వాయించేది ఫ్లూటు, తలలు లెక్కపెట్టే పని కూడా నాదే.

పెద్ద డ్రమ్ము వాయించేది మా బాబాయి కూతురు. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు తీస్తుంది కాబట్టి అందరూ దాన్ని నిద్రగన్నేరు అంటారు. నాలుగో రోజు పొద్దున్నే ఊరు చూపిస్తామని మమ్మల్ని పడవెక్కించారు. ఊరి చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చే సన్నటి కాలువ అది. కిటికీలకు ఆరేసిన దుప్పట్లు నీళ్లలో తలకిందులుగా ఊగుతున్నాయి. ఒకావిడ వంటింట్లో గిన్నె తోముతూ, చెయ్యి ఆపకుండానే మమ్మల్ని చూసి నవ్వింది. పడవ నడిపే పెద్దావిడ మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు.

మేము వాయించాల్సిన చోట, రాతిమెట్ల దగ్గర దిగాం. వాయిద్యాలు ముందే వ్యానులో చేరాయి. తలలు లెక్కేశాను. ఇరవై. నన్ను నేనే రెండుసార్లు లెక్కేసుకున్నానని తర్వాత తెలిసింది.

మాస్టారు కర్ర ఎత్తేసరికి డ్రమ్ము వెనక ఎవరూ లేరు.

"మీ చెల్లెలేదే?"

కాలువ వైపు పరిగెత్తాను. పడవ అప్పటికే వంతెన దాటి మలుపు తిరిగింది. మా గైడు పడవావిడకు ఫోన్ చేశాడు. పిల్ల వెనక బల్లమీద హాయిగా పడుకునుందట, చుట్టు పూర్తిచేసి అరగంటలో తీసుకొస్తుందట. జనం ఎదురుచూస్తున్నారు. డ్రమ్ము లేకుండానే మొదలుపెట్టాం.

మూడో పాట అయ్యేసరికి పడవ వచ్చింది.

"బుద్ధుందా నీకు?" అంటూ మాస్టారు అందుకున్నారు. అది మాత్రం తిట్లేవీ చెవికెక్కనట్టు నిలబడింది.

"మాస్టారూ, మనం ఇంత బావుంటామా?"

ఆయన తిట్టడం ఆపేశారు.

"ఆరేళ్లుగా నేను వెనకే కదండీ. మీ అందరి వీపులు, నా దబదబలు తప్ప నాకేం తెలీదు. మెలకువొచ్చేసరికి ఇళ్లమీంచి పాట వస్తోంది. కలేమో అనుకున్నా. ఆవిడ ఇంజనాపేసింది. అక్క ఫ్లూటు నీళ్లమీద నడిచొచ్చినట్టుంది. ట్రంపెట్లోళ్లే, ఊరికే పరిగెడుతున్నారు."

"ఆ, చెప్పొచ్చావులే!" అన్నాడు ట్రంపెట్ల పెద్దన్న.

మర్నాడు మ్యూజియం చూడాల్సిన పూట మాస్టారు మమ్మల్ని మళ్లీ ఆ మెట్ల దగ్గరికే తీసుకొచ్చారు. చేతులు తిప్పుతూ పడవావిడతో ఏదో ఒప్పందం కుదుర్చుకున్నారు. నలుగురేసి పడవెక్కాలి, మిగతావాళ్లు వాయించాలి.

నా వంతొచ్చింది. వంతెన నీడలో ఆవిడ ఇంజను ఆపి, ఎవరం మాట్లాడకపోయినా పెదవులమీద వేలు పెట్టుకుంది. పాట వచ్చింది. ఎక్కణ్ణుంచో కాదు, నీళ్లలోంచే వస్తున్నట్టుంది. నా ఫ్లూటు ఉండాల్సిన చోట, ఎవరో నాకోసం కాస్త జరిగి కూర్చున్నట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకి చూస్తూ ఊపిరి పీల్చడం కూడా మరిచిపోయాను.

పక్కనున్న పెద్దన్న గొణిగాడు. "నిజమేనే. మావాళ్లు మరీ పరిగెడుతున్నారు."

అందరి వంతులూ అయ్యాక మాస్టారి చుట్టూ మూగాం. "మీరూ వెళ్లండి మాస్టారూ!"

"నేను లేకపోతే మీరేం వాయిస్తారు, నా తలకాయ!"

బలవంతంగా ఎక్కించాం. నిద్రగన్నేరు డ్రమ్ముమీద నాలుగు దెబ్బలు కొట్టి ఎత్తుకుంది. కర్ర లేకుండా, ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించాం. ట్రంపెట్లు మెల్లగా నడిచాయి.

అరగంటకు పడవ మలుపు తిరిగి కనిపించింది. మాస్టారు వెనక బల్లమీద కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"నిద్రపోయారా?" అన్నారెవరో.

లేదు. మోకాలిమీద వేళ్లు ఆడుతున్నాయి. చేయందిద్దామని నేను మెట్లు దిగాను. ఆయన కళ్లు తెరవకుండానే వేలు పైకెత్తి, గాలిలో గుండ్రంగా ఇంకో చుట్టు చుట్టారు.

పడవావిడ నవ్వింది. పడవ ఆగకుండా మా ముందునుంచే సాగిపోయింది. మేము మళ్లీ మొదటి పాట ఎత్తుకున్నాం.