రెండో గీత

పొద్దున్నే షెడ్డులో చచ్చిన కోళ్లను ఏరి బకెట్లో వేయడం ఆమె పని. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పాలు కాచినట్టే ఇదీ ఆమెదైపోయింది. ఆ రోజు బకెట్ నిండిపోయి ఇంకోటి వెతుక్కోవాల్సి వచ్చింది. మిగిలిన కోళ్లు మెడలు వాల్చి గోడవారన ముడుచుకున్నాయి. రోజూ ఆమె అడుగు వినపడగానే గోల చేసేవి, ఇవాళ తల కూడా తిప్పలేదు. భర్త పోయాక ఆమె మాటలు వినే ప్రాణులు అవే.

పశువుల డాక్టరమ్మ ఇచ్చి వెళ్లిన పరీక్ష డబ్బా తీసింది. ఒక కోడిని చంకలో ఇరికించుకుని, గొంతులో దూదిపుల్ల తిప్పి, దాన్ని మందునీళ్లలో ముంచి, ఆ చుక్కలు చిన్న ప్లాస్టిక్ బిళ్లలో వేసింది. ఒక గీత వస్తే ఫరవాలేదు. రెండు వస్తే వైరస్.

బిళ్ల పట్టుకుని కూర్చుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. ఇలాంటి బిళ్లే, ఈ ఇంటి బాత్రూంలోనే. అప్పుడు అందరికీ రెండో గీత కావాలి. అత్తయ్య బయటనుంచి తలుపు కొట్టేది. "ఏమే, వచ్చిందా? వెలుతురులో పెట్టి చూడు." భర్త ఆ బిళ్లను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, "నీకు ఏదీ చేతకాదు" అని చెత్తబుట్టలో పడేసేవాడు. రాని గీతకు తానే తప్పు చేసినట్టు ఆమె తల దించుకుని వంటింట్లోకి వెళ్లేది.

ఇప్పుడు వచ్చింది. పలచగానే అయినా, వచ్చింది.

"ఎక్కడ వదినా? నాకేం కనపడట్లేదే!" మరిది బిళ్లను ఎండలోకి ఎత్తి చూశాడు. "మరక అది. కళ్లజోడు మార్చుకో."

"మరక అంత తిన్నగా ఉండదయ్యా. డాక్టరమ్మకి ఫోన్ చేద్దాం."

"చేస్తే అన్నీ పూడ్చిపెట్టిస్తుంది. కాసేపట్లో లారీ వస్తుంది, ఎక్కించేస్తే పీడ వదులుతుంది."

"అవి వెళ్లే చోటా కోళ్లుంటాయి కదా! వాటికీ అంటుకోదూ?"

వరండాలోంచి అత్తయ్య అందుకుంది. "కావాల్సినప్పుడు ఒక్కసారీ రెండో గీత తేలేదు. ఇప్పుడు తెచ్చావా తల్లీ!"

మరిది నవ్వాడు. "మా కోళ్లు వదినా. మేం చూసుకుంటాం. నువ్వెళ్లి టీ పెట్టు."

మా. రెట్ట ఎత్తేటప్పుడు అది మన షెడ్డు. చలికి కోడిపిల్లలు చచ్చిపోతుంటే కునుకు లేకుండా కాపలా కాయాల్సి వస్తే, "మన కోళ్లే కదా వదినా." అమ్మే వేళకు మా. ఇన్నేళ్లూ ఆమె ఆ రెండు మాటల మధ్యే తిరిగింది, వాళ్లు తలుపు తీస్తే లోపలికి, వేస్తే బయటికి.

వంటింట్లో పొయ్యి మీద గిన్నె పెట్టింది. వెలిగించలేదు. ఫోన్ చేస్తే ఈ ఇంట్లో ఇక తనతో మాట్లాడేవాళ్లుండరు. షెడ్డులో వినేవీ ఉండవు. చేయకపోయినా, ఆ కోళ్లు లారీలో పోయేవే. పరీక్ష డబ్బా మీద డాక్టరమ్మ నంబరుంది. ఒక్కో అంకే చూసుకుంటూ నొక్కింది.

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. "వదినా, టీ ఏమైంది?" అంటూ మరిది గుమ్మంలోకి వచ్చాడు.

ఫోన్లో డాక్టరమ్మ అడుగుతోంది. "ఎవరి కోళ్లమ్మా?"

ఆమె మరిది కళ్లలోకి చూస్తూ, వరండా దాకా వినపడేలా చెప్పింది.

"నావండీ. నా కోళ్లకి రెండో గీత వచ్చింది."