రెండో పొయ్యి

వాలిన ఈగను విదిలించి, మరిడమ్మ ఇంకో బెల్లం దిమ్మకు గోనెపట్టా చుట్టింది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆమె పని అదే, చుట్టడం, ఊడ్వడం. పొట్టి మనిషి. కూర్చుని కూర్చుని మోకాళ్లు కాయలు కాచాయి. మోచేతుల దాకా పట్టిన జిగురు ఎన్ని నీళ్లు పోసినా వదలదు. ఆమె వచ్చిందో లేదో ఎవరికీ పట్టదు, ఈగలకు తప్ప.

"అప్పా, గ్యాసు బండ ధర తగ్గించేరట, ఇన్నావా?" అన్నాడు బస్తాలు మోసే దేముడు.

అందరికీ తీపి కబురే. మరిడమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది.

కోడలు లావణ్య కాపురానికి వచ్చిన ఏడాదే పొయ్యి వేరు పెట్టింది. బెల్లం వేయనిది పులుసెలా అవుతుందని అత్త, వేస్తే అది పాయసమని కోడలు. గోడకు అటో పొయ్యి, ఇటో పొయ్యి. కొడుకు ధనరాజ్ రెండుచోట్లా తిని, రెండూ బాగున్నాయనేవాడు.

బండ ధర మండిపోయాక ముందు టీలు తగ్గాయి. తర్వాత వేడినీళ్ల స్నానాలు పోయాయి. టిఫిన్ల బదులు చద్దన్నం వచ్చింది. అదీ చాలక ఓ రోజు లావణ్య బియ్యం గిన్నె పట్టుకుని ఇవతలికి వచ్చింది.

"రెండు బండలెందుకత్తా? నీ పొయ్యి మీదే వండేద్దాం. ధర తగ్గేవరకే."

ఆనాటి నుంచి పులుసులో బెల్లం, అత్త వేసేదాంట్లో సగమే. కూర తరుగుతూ కోడలు చెప్పే కబుర్లు మరిడమ్మకు అన్నం కంటే రుచి. కానీ ఆ 'తగ్గేవరకే' అన్న మాట ముల్లులా ఉండిపోయింది. గ్యాసు ధర దిగకూడదని నూకాలమ్మకు మొక్కుకున్న మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

'నేను మాత్రం చెప్పను' అనుకుంటూ సాయంత్రం ఇంటిదారి పట్టింది.

గుమ్మం ముందు ధనరాజ్ ఆటో ఉంది. వెనక సీట్లో లావణ్య పొయ్యి, దుప్పటి చుట్టి, తాడుతో కట్టి ఉంది. మరిడమ్మ ఆ తాడునే చూసింది. ఏకంగా వేరే ఇంటికే పోతున్నారన్నమాట.

"ఎక్కడికే?"

"దేవరాపల్లి. మా సెల్లి కొత్త కాపురం పెట్టింది కదా, దానికి పంపుతన్నాను."

"మరి గ్యాసు తగ్గిందట కదే..." నోరు జారింది.

లావణ్య తాడు బిగిస్తూ తలెత్తలేదు. "పోయిన వారమే ఫోన్లో సూసేను. నీకు సెప్తే మళ్లీ వేరు వండుకోమంటావేమోనని ఊరుకున్నాను."

మరిడమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మోయలేని మూట ఎవరో దించినట్టయింది. ఆ బెల్లం చేతులతోనే కోడలి చెంప తడిమింది.

"ఛీ, జిగురత్తా!" అందేగానీ లావణ్య పక్కకు జరగలేదు.

ఆటో పొయ్యిని తీసుకుని మలుపు తిరిగింది. అత్తాకోడళ్లు బియ్యం కడగడానికి లోపలికి వెళ్లారు. గోడకు అవతల, పొయ్యి లేని ఖాళీ అరుగు పైన, మేకుకు లావణ్య ఎర్ర లైటరు వేలాడుతూ ఉండిపోయింది.